జీడీ సాధనకు డిబేట్ పనికొస్తుందా?

ప్రశ్న: ఎస్వీ యూనివర్సిటీలో ఎంబీఏ చదువుతున్నాను. ప్లేస్‌మెంట్ల కోసం ఆరుగురం కలిసి గ్రూప్ డిస్కషన్ (జీడీ) సాధన చేస్తున్నాం. ఇద్దరే మాట్లాడతారు, చివరికి గోలవుతుంది. రెండు జట్లుగా డిబేట్ చేయమని సీనియర్ ఒకరు చెప్పారు. జీడీలో వాదించకూడదంటారు కదా?
- ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: చేయండి. కాకపోతే డిబేట్‌ను సాధన వరకే ఉంచుకోండి.

మీకు బాగా తెలిసిన అంశం తీసుకోండి. 'తిరుమల ఘాట్ రోడ్లలో సొంత వాహనాలు ఆపేసి, విద్యుత్ బస్సులే నడపాలి' అనుకుందాం. ముగ్గురు అటు, ముగ్గురు ఇటు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, ఫోన్లో టైమర్. మధ్యలో ఎవరూ అడ్డుపడకూడదు. అవతలివాళ్ల పాయింటును ముందు మీ మాటల్లో చెప్పి, ఆ తర్వాతే జవాబివ్వాలి. వినకపోతే చెప్పలేరు కాబట్టి గోల దానంతటదే తగ్గుతుంది.

తర్వాత జట్లు మారండి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే, పనికొచ్చేదీ ఇదే. 'ఆర్టీసీ విద్యుత్ బస్సులు 2022 నుంచే కొండకు నడుస్తున్నాయి, అన్నీ అవే అయితే పొగ ఉండదు' అని వాదించిన అమ్మాయే, ముసలివాళ్లతో, చంటిబిడ్డతో చెన్నై నుంచి కారులో వచ్చిన కుటుంబం అలిపిరిలో దిగి లగేజీతో బస్సెలా ఎక్కుతుందో చెప్పాలి. టాక్సీ డ్రైవర్ల బతుకుతెరువు గురించి కూడా మాట్లాడాలి. తన వాదనలో చిల్లు ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది.

చివరి పది నిమిషాలు జట్లు లేవు. ఆరుగురూ ఒక మాట మీదికి రావాలి. గరుడ సేవకు ఘాట్ రోడ్లలో బైకులు ఆపుతున్నారు కదా, బాగా రద్దీ ఉండే రోజుల్లో కార్లకూ అదే పెడితే ఎలా ఉంటుంది? ఇలా వెతకాలి. జట్లు మారి, చివరికి ఒప్పందానికి రావడమనే ఈ వరుస అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ ప్రొఫెసర్లు డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ తరగతి గదుల కోసం రూపొందించిన పద్ధతిలోది. వాళ్లది ఇద్దరిద్దరుగా నలుగురి జట్టు, మీకు ముగ్గురేసి సరిపోతారు.

వాదించకూడదన్న మాట అసలు జీడీకి వర్తిస్తుంది. అక్కడ మీకు పక్షం ఉండదు. 'నేను దీనికి వ్యతిరేకం' అని మొదలుపెడితే చివరిదాకా దాన్ని కాపాడుకోవడమే సరిపోతుంది. రెండు వైపులా చెప్పి, మాట్లాడని వాళ్లను కూడా కలుపుకుని, ఒక దారి చూపండి. సాధనలోని చివరి పది నిమిషాలు అందుకే.

ఆ ఇద్దరు మాటకారులకు మొదట్లో టైమర్, నోట్సు అప్పగించండి. ఇంగ్లిష్ టెన్షన్ ఉంటే మొదటి రౌండు తెలుగులో కానివ్వండి, జట్లు మారాక ఇంగ్లిష్‌లో చేయవచ్చు.