తాళం వేసిన ఇంట్లో కాళ్లను కుట్టిందెవరు?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. దసరా సెలవులకి మా కుక్క రాజుని కూడా తీసుకుని గుంటూరులో అమ్మావాళ్లింటికి వెళ్లాం. రెండు వారాల తర్వాత వచ్చి హాల్లో అడుగుపెట్టామో లేదో చీలమండల దగ్గర ఒకటే మంట, చూస్తే గెంతే పురుగులు! వెళ్లేముందే రాజుకి మందు షాంపూతో స్నానం చేయించాను. తాళం వేసిన ఇంట్లోకి ఇవెలా వచ్చాయండి? మా అత్తగారైతే కుక్కని ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు.

జవాబు: రాజుని ఇచ్చేసినా ఆ పురుగులు మీ ఇంట్లోనే ఉంటాయమ్మా. గెంతాయన్నారు కాబట్టి గోమార్లు కావు, ఫ్లీలు, అంటే రక్తం తాగే చిన్న గెంతే పురుగులు. కుక్క ఒంటి మీద కనిపించేవి మొత్తంలో 20వ వంతు అనుకోండి, మిగతాదంతా గుడ్లూ పిల్లపురుగులూ, అవి పెద్దవయ్యేందుకు అల్లుకునే గూళ్లూ, సోఫా సందుల్లో, మంచం కింద, డోర్‌మ్యాట్ అడుగున. ఆడది రోజుకి 40 దాకా గుడ్లు పెడుతుంది, అవి వెంట్రుకలకి అతుక్కోవు, రాజు ఎక్కడ ఒళ్లు దులిపితే అక్కడ రాలతాయి. గూట్లో ఉన్న పురుగుకి తొందరేం లేదు. నెలల తరబడి కాచుకుని, అడుగుల అదురో ఒంటి వేడో ఊపిరో తగిలాక బయటికొస్తుంది. మీరు తలుపు తీసి నడిచారు, వాటికి భోజనాల పిలుపు అందింది, అంతే.

షాంపూ ఆ రోజు ఒంటి మీదున్నవాటికే. అనుమానముంటే తెల్ల కాగితం మీద రాజుని దువ్వండి, నల్ల రవ్వలాంటిది రాలితే తడి దూది అద్దండి, ఎర్రబడిందంటే అది పురుగు రెట్ట, అంటే రాజు రక్తమే. పశువుల డాక్టరు దగ్గర బరువు తూయించి మెడ మీద వేసే చుక్కల మందో బిళ్లో రాయించుకోండి, రాజుకి ఫిట్స్ ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి. కనీసం మూడు నెలలు ఆపొద్దు. ఇంట్లో పిల్లి ఉంటే కుక్క మందు దానికి వేయొద్దు, అందులో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లి ప్రాణం పోవచ్చు. కిరోసిన్, ఫినాయిల్ పూసేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి.

పక్కబట్టలు వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. వాక్యూమ్ ఉంటే రోజూ పెట్టండి, ఆ అదురుకి గూళ్లలోవి బయటికొస్తాయి, చెత్త వెంటనే ఇంటి బయట పారేయాలి. స్ప్రే గూట్లోకి దిగదు, అందుకే కొన్ని వారాలు కొత్తవి కనిపిస్తాయి, మందు పనిచేయలేదని అత్తగారు అనేలోపే చెప్పేయండి. అన్నట్టు, రాజు పడుకున్న దుప్పటి ఉతికేయమని గుంటూరుకి కూడా ఫోన్ చేయండి.