అప్పు చేసి యావరేజ్ చేయొద్దు, ముందు ఈ నాలుగు నెలలు గడిచే దారి చూడండి

ప్రశ్న: యూనివర్సిటీలో ఎకనామిక్స్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. విద్యారుణంలో ఫీజు పోను ఆరు నెలల ఖర్చుల డబ్బు ఒకేసారి ఖాతాలో పడింది. రెండు నెలలకు సరిపడా ఉంచుకుని, నాలుగు నెలల డబ్బు షేర్లలో పెట్టాను. రెండు నెలలు గడిచాయి, షేర్ల విలువ మూడో వంతు పడిపోయింది. ఈలోగా ల్యాప్‌టాప్ పాడైతే లోన్ యాప్‌లో నెలకు 3 శాతం వడ్డీకి ఒక నెల ఖర్చంత అప్పు తీసుకున్నాను. ఇప్పుడు ఇంకో అప్పు తీసుకుని, తగ్గిన ధరలో మరిన్ని షేర్లు కొని యావరేజ్ చేద్దామని, అంటే నా సగటు కొనుగోలు ధర తగ్గిద్దామని అనుకుంటున్నాను. చిన్న వయసులో అప్పు చేసి, సంపాదన మొదలయ్యాక తీర్చడం సబబేనని మా పాఠాల్లోనే ఉంది కదా. ఏమంటారు?

జవాబు: వద్దు. రెండో అప్పు జోలికి పోకండి. మొదటిది ఈ వారమే తీర్చేయండి. అందుకు సరిపడా షేర్లు నష్టానికైనా అమ్మేయండి.

విద్యార్థుల దగ్గర ఈ తప్పు తరచూ చూస్తుంటాను కాబట్టే వివరంగా రాస్తున్నాను. తప్పుడు షేర్లు కొన్నామని వాళ్లు బాధపడుతుంటారు. తప్పు జరిగింది అంతకుముందే. అద్దెకు, తిండికి పక్కన ఉండాల్సిన డబ్బును పెట్టుబడి అనుకున్న రోజే జరిగింది.

మీరు అడగని లెక్క ఒకటుంది, అది చూద్దాం. 120 రోజుల ఖర్చుల డబ్బులో మూడో వంతు పోయింది, ఇంకా 80 రోజులకు సరిపడా ఉంది. యాప్ అప్పు తీర్చడానికి 30 రోజుల ఖర్చు పోతుంది, వడ్డీకి మరో రోజుది. అంటే చేతికి మిగిలేది 50 రోజులకు కూడా సరిపోదు. తర్వాతి విడత రావడానికి మాత్రం ఇంకా నాలుగు నెలలుంది. 70 రోజుల లోటు మీ ముందుంటే మీరు యావరేజ్ గురించి ఆలోచిస్తున్నారు. మూడో వంతు పడిన షేరు పాత ధరకు రావాలంటే 50 శాతం పెరగాలి. నెలకు 3 శాతం వడ్డీ, చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 42 శాతం దాటుతుంది. దీన్ని మించిన లాభం ఖాయంగా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక పాఠం సంగతి. మీరు చెబుతున్నది ఆర్థికవేత్తలు మోదిగ్లియాని, బ్రమ్‌బర్గ్ 1954లో ప్రతిపాదించిన జీవితచక్ర సిద్ధాంతం. సిద్ధాంతంలో తప్పు లేదు. కానీ తరగతిలో చెప్పే సరళమైన రూపంలో రెండు ఊహలుంటాయి: రేపటి ఆదాయం ఎంతో ముందే తెలుసు, పొదుపుపై వచ్చే వడ్డీకే అప్పు కూడా దొరుకుతుంది. మీ విషయంలో ఈ రెండూ నిజం కావు. అప్పు పుట్టనివాళ్లు, ఆదాయం నిలకడగా లేనివాళ్లు ఏం చేస్తారన్నది ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ 1991లో విశ్లేషించారు. చిన్నదైనా సరే ఒక నిల్వ పెట్టుకుని, కష్టకాలంలో దాన్ని వాడుకుని, మళ్లీ నింపుకుంటారని తేల్చారు. దాన్నే అత్యవసర నిధి అంటారు. పై సెమిస్టర్లలో ఇది మీకు పాఠంగా వస్తే ఈ నాలుగు నెలలు గుర్తు చేసుకోండి.

మనుషులు చేతిలో డబ్బు ఎందుకు ఉంచుకుంటారో ఆర్థికవేత్త కీన్స్ 1936లోనే మూడు కారణాలు చెప్పారు: రోజువారీ ఖర్చులు, ముందుజాగ్రత్త, స్పెక్యులేషన్ (ధరల మార్పును అంచనా వేసి లాభం చూసుకోవడం). మీరు మొదటి రెండింటి డబ్బు తీసుకెళ్లి మూడోదానిలో పోశారు. ల్యాప్‌టాప్ పాడవడం పెద్ద విపత్తేమీ కాదు. ముందుజాగ్రత్త ఖాతాలో ఏమీ లేకపోవడం వల్లే అది లోన్ యాప్ దాకా వెళ్లింది.

తెలివితేటలుంటే అప్పుతో ఆడిన ఆట నుంచి బయటపడొచ్చనుకోకండి. ఇర్వింగ్ ఫిషర్ తన కాలంలో అగ్రశ్రేణి ఆర్థికవేత్త, వడ్డీ రేట్లపై ఆయన రాసింది మీరు ఇప్పటికీ చదువుతారు. 1929 అమెరికా షేర్ మార్కెట్ పతనానికి కొద్ది రోజుల ముందు, షేర్ల ధరలు శాశ్వతంగా ఎత్తైన స్థాయికి చేరినట్టున్నాయన్నారు. ఆయన అప్పు చేసి కూడా షేర్లు కొన్నారు. ఆస్తంతా పోయింది. అప్పులు మాంద్యాన్ని ఎలా ముదురుస్తాయో 1933లో వివరించింది కూడా ఆయనే.

ఈ రాత్రే ఇంట్లో చెప్పండి. ఇబ్బందిగానే ఉంటుంది, తిట్లు కూడా పడొచ్చు. కానీ వడ్డీ లేకుండా సాయం దొరికే అవకాశం ముందు అక్కడే ఉంది. రేపు యూనివర్సిటీ విద్యార్థి సంక్షేమ విభాగానికి వెళ్లి, అత్యవసర సాయం ఏదైనా ఉందేమో అడగండి. చదువుకు అడ్డం రాని పార్ట్‌టైమ్ పని, జూనియర్లకు గణితం, స్టాటిస్టిక్స్ ట్యూషన్లు చూసుకోండి. మిగిలిన షేర్లు కూడా అమ్మేసి పొదుపు ఖాతాలో వేయండి. పెరుగుతాయేమోనన్న ఆశతో నెలాఖరున అద్దె కట్టలేని పరిస్థితి తెచ్చుకోవద్దు. రుణ ఒప్పందం మళ్లీ ఒకసారి చదవండి. ఖర్చులకని ఇచ్చిన డబ్బు షేర్లలో పెట్టడానికి అది ఒప్పుకోకపోవచ్చు.

తర్వాతి విడత వచ్చిన రోజే ఆరు భాగాలు చేసి వేరే ఖాతాలో ఉంచండి. ప్రతి నెలా ఒకటో తేదీన ఒక భాగమే రోజువారీ ఖాతాలోకి రావాలి. ఒక్కో భాగంలో పదో వంతు ముట్టుకోకపోతే ఆరు నెలల్లో 18 రోజుల ఖర్చు పోగవుతుంది. ట్యూషన్ల డబ్బు కూడా అందులోనే వేసి, ముందు ఒక నెల ఖర్చుకు, డిగ్రీ పూర్తయ్యేలోగా మూడు నెలల ఖర్చుకు చేర్చండి. చదువు ముగిశాక మొదటి జీతం వచ్చేదాకా ఆ మూడు నెలల డబ్బే ఆదుకుంటుంది. మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్లు, నెలనెలా కొంత మొత్తం పెట్టే సిప్‌లు ఆ తర్వాత చూసుకోవచ్చు. ఆరోగ్య బీమా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. విద్యారుణానికి హామీ సంతకం పెట్టింది అమ్మో నాన్నో అయితే, వాళ్ల పేరిట అప్పుకు సరిపడా టర్మ్ బీమా (గడువులోగా మరణిస్తే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఉందేమో కూడా ఇంట్లో మాట్లాడేటప్పుడే అడగండి.