శనివారం చదువుకు రాని అన్నయ్య

ప్రశ్న: అక్కా, మాది గుణుపురం. మేం ఆరుగురం మూడేళ్లుగా కబాలా, అంటే యూదుల ఆధ్యాత్మిక మార్మిక విద్య, చదువుకుంటున్నాం. ఆ విద్య బోధించిన యెహుదా అష్లాగ్ అనే రబ్బీ (యూదు గురువు) వ్యాసాలు ఇంగ్లీషులో చదివి, తెలుగులో మాట్లాడుకుంటాం. ప్రతి శనివారం రాత్రి ఒకరింట్లో కూర్చుంటాం. మాలో పెద్దాయన, మేమంతా అన్నయ్య అంటాం, రెండు నెలలుగా రావడం లేదు. వాళ్ల నాన్నగారికి పక్షవాతం వస్తే బరంపురంలో వైద్యం చేయిస్తూ, అక్కడే గది తీసుకుని ఉంటున్నారు. ‘అర్వుత్ అంటే ఒకరికొకరు బాధ్యత కదా, ఆయన మానేసినందువల్ల మనందరి ఎదుగుదలా ఆగిపోయింది’ అంటున్నారు మిగతావాళ్లు. పడవకు చిల్లు పెట్టినవాడి కథ ఆయనకు వాట్సాప్‌లో పంపారు. అది చూసినప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. వాళ్లు అన్నది నిజమేనా? నేను నోరు విప్పాలా?
– ఒక చెల్లి, రాయగడ జిల్లా

జవాబు: విప్పాలి చెల్లెమ్మా. ఈ శనివారమే.

అర్వుత్ అనే హీబ్రూ మాటకు మన మాట పూచీ. ‘అరేవ్’ అంటే పూచీ పడ్డ మనిషి, అప్పు దగ్గర మనం జామీను అంటామే, ఆ మనిషి. ఆదికాండం 43వ అధ్యాయంలో యూదా తన తండ్రితో చిన్న తమ్ముడు బెన్యామీనుకు తాను పూచీ అంటాడు. ఆ తర్వాతి అధ్యాయంలో ఐగుప్తులో తమ్ముడు చిక్కుల్లో పడతాడు. అప్పుడు యూదా ‘నీవల్ల మేమంతా ఇరుక్కున్నాం’ అనలేదు. వాడిని వదిలేయండి, వాడి బదులు నన్ను బానిసగా ఉంచుకోండి అన్నాడు. నాకు తెలిసిన అర్వుత్ అది.

తెలియని అర్వుత్ కూడా ఒకటి చేశాను. పన్నెండేళ్ల కిందట పర్లాకిమిడిలో మా వీధి ఆడవాళ్లం పదిమంది కలిసి గ్రూపు లోను తీసుకున్నాం. ఒకామె రెండు వాయిదాలు కట్టలేకపోయింది. ఆమె కట్టకపోతే మీకెవరికీ మళ్లీ లోను రాదని వసూలుకు వచ్చినతను చెప్పాడు. అంతే, తొమ్మిదిమందిమీ వెళ్లి ఆమె అరుగు మీద పొద్దుగూకే దాకా కూర్చున్నాం. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. వాళ్ల చిన్నపిల్ల గుమ్మం దాటడానికి భయపడి తలుపు వెనకే నిలబడిపోయింది. మేం తలా నూట యాభై వేసుకుంటే తీరిపోయే బాకీ అది. ఆ పిల్ల మొహం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. మీవాళ్లు పంపిన ఆ వాట్సాప్ కూడా అరుగు మీద కూర్చోవడమేనమ్మా.

పడవ కథ మంచిదే. రబ్బీ షిమోన్ బార్ యోహాయ్ చెప్పినట్టు లేవీకాండం మీది మిద్రాష్‌లో, అంటే యూదుల పాత వ్యాఖ్యాన గ్రంథంలో, ఉంది. ఒకడు తాను కూర్చున్నచోట తొలుస్తుంటాడు, నా చోటే కదా, మీకెందుకు అంటాడు. నీళ్లు అందరినీ ముంచుతాయని తోటివాళ్లు బదులిస్తారు. కానీ మీ అన్నయ్య తొలవడం లేదే! ఎడతెరిపి లేకుండా నీళ్లు తోడిపోస్తున్నాడు, అదీ ఒక్కడే.

మీరు చదివే అష్లాగ్‌నే మళ్లీ తీయండి. పోలండ్‌లో పుట్టి, తర్వాత జెరూసలేం చేరి, కబాలా మూలగ్రంథమైన జోహార్‌కు ‘సులామ్’ అనే వ్యాఖ్య రాసిన మనిషి. 1933లో అచ్చయిన ఆయన ‘అర్వుత్’ వ్యాసం ఎక్కడ మొదలవుతుందో చూడండి. నిన్నువలె నీ పొరుగువాణ్ణి ప్రేమించు అంటే, నా అవసరాలు ఎవరు చూస్తారన్న భయం ఉన్నంతకాలం ఎవరికీ సాధ్యం కాదు. మోషే ధర్మశాస్త్రం అందుకున్న సీనాయి కొండ దగ్గర ఆరు లక్షల మంది ఇశ్రాయేలీయులు ఒకరి అవసరాలకు ఒకరు పూచీ పడ్డారు కాబట్టే ప్రతివాడికీ ఆ భయం తీరింది అంటాడాయన. అంటే పూచీ మొదట తిండి, మందు, రాత్రి కాపలా దగ్గర పడుతుంది. ఎదుగుదల ఆ తర్వాత మాట. మీ ఐదుగురిలో ఎవరైనా ఈ రెండు నెలల్లో బరంపురం బస్సు ఎక్కారా? నీ ఉత్తరంలో ఆ ముక్క కనబడలేదు, అందుకే అడుగుతున్నాను.

అంతకు చాలా ముందు, 16వ శతాబ్దంలో, ఇప్పటి ఇజ్రాయెల్‌లోని సఫెద్ ఊళ్లో ఇసాక్ లూరియా అనే కబాలా గురువు తన శిష్యులకు ఇదే నేర్పాడు. కలిసి చదువుకునేవాళ్లు ఒకరికొకరు శరీరంలో అవయవాల్లాంటివాళ్లు, ఒకరింట్లో జబ్బు వచ్చినా కష్టం వచ్చినా అందరూ ఆ బాధ పంచుకోవాలి, అతని కోసం ప్రార్థించాలి అని. ప్రార్థనకు ముందే పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞను తలకెత్తుకోమన్నాడు. చెయ్యి వాచిపోతే ‘నీవల్ల నా నడక ఆగింది’ అని చేతిని తిట్టుకుంటామా?

ఆ గ్రూపు మానేయాలా అని నువ్వు అడగలేదు, మానకు కూడా. వాళ్లు చెడ్డవాళ్లు కారు, మాటను తలకిందులుగా పట్టుకున్నారు, అంతే. ముందు నువ్వే అన్నయ్యకు ఫోన్ చెయ్యి. చదువు గురించి ఎత్తకు. రాత్రిళ్లు నాన్నగారి దగ్గర ఎవరుంటున్నారు, అన్నయ్య తిన్నాడా, నిద్రపోయాడా, అవి అడుగు. శనివారం రాత్రి నాన్నగారి దగ్గర ఉండడానికి మీ ఐదుగురూ వంతులు వేసుకుంటే ఐదువారాలకు ఒకసారి వస్తుంది ఒక్కొక్కరికి. అక్కడ కూర్చున్నవాళ్లు ఆ రాత్రి ఫోన్‌లో పాఠం వింటారు, అన్నయ్య పడుకుంటాడు.

మొదటి వంతు నీదే అయితే, ఇంటి నుంచి చోడిపిండి పట్టుకెళ్లు. పెద్దాయన మింగగలుగుతున్నారని డాక్టరు చెబితే జావ కాయొచ్చు.