ఫిన్ ట్యూబులా, సాదా గొట్టాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే సార్. మాది మిర్యాలగూడ దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు. వడ్ల డ్రయ్యర్‌కు వేడిగాలి ఇచ్చే స్టీమ్ హీటర్ పాతబడింది, కొత్తది చేయించాలి. ఒక ఫ్యాబ్రికేటర్ బయట అల్యూమినియం ఫిన్లు, అంటే పల్చటి రెక్కలు, చుట్టిన గొట్టాలు వేద్దామంటున్నాడు. ఇంకొకాయన లోపల గాడులున్న గొట్టాలైతే ఆవిరి వేడి బాగా దిగుతుందని, ధర ఎక్కువైనా అవే తీసుకోమని చెప్తున్నాడు. ఆవిరి ప్రెషర్ 7 కిలోల దాకా ఉంటుంది. ఏది మంచిది?

జవాబు: బయట ఫిన్లే. లోపల గాడుల కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి. ఎందుకో లెక్కతోనే చెప్తాను, ఈ ఒక్క లెక్క పట్టుబడితే రేపు ఎవరు ఏ గొట్టం అమ్మడానికి వచ్చినా మీరే తేల్చుకోగలుగుతారు.

గొట్టం లోపల ఆవిరి నీరుగా మారేటప్పుడు చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 10,000 వాట్ల వేడిని గోడకు ఇవ్వగలదు. బయట ఫ్యాను తోసే గాలి అదే లెక్కన 50 వాట్లు తీసుకుంటే ఎక్కువ. వేడి ఈ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి దాటాలి కాబట్టి రెండూ కలిపితే సాదా గొట్టానికి దక్కేది 50 కూడా కాదు, 49.7 చిల్లర. ఇప్పుడు గాడులు పెట్టి ఆవిరి వైపు బలాన్ని రెట్టింపు చేసి 20,000కు తెచ్చామనుకోండి, మొత్తం 49.9 అవుతుంది, అంతే. అదే డబ్బు బయట పెట్టి, గాలికి తగిలే పనికొచ్చే వైశాల్యాన్ని పది రెట్లు చేస్తే 470 దాటుతుంది. మోటర్‌సైకిల్ ఇంజిన్ రెక్కలు గాలి వైపే ఉండటానికీ కారణం ఇదే. ఏ వైపు బలహీనంగా ఉందో ఆ వైపునే బాగుచేయాలి.

ఇక ఏ ఫిన్ అన్నది. 7 కిలోల ఆవిరి అంటే దాదాపు 170 డిగ్రీలు. చవకగా దొరికే ఎల్-ఫుట్ రకంలో అల్యూమినియం పట్టీని గొట్టం మీద బిగించి చుడతారు, వెల్డింగ్ ఏమీ ఉండదు. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి వేడెక్కినప్పుడల్లా పట్టు వదులై, మధ్యలో సన్నని గాలి పొర చేరుతుంది. కొత్తలో బాగానే పనిచేసిన హీటర్ కొన్నాళ్లకు డల్ అయిపోవడానికి చాలాచోట్ల కారణం ఇదే, దానికి బాయిలర్‌ను తిట్టుకుంటూ ఉంటారు. మీ వేడికి గొట్టంలో గాడి కోసి ఫిన్‌ను అందులో దిగ్గొట్టిన ఎంబెడెడ్ రకమో, వెల్డింగ్ చేసిన స్టీల్ ఫిన్లో అడగండి. మిల్లులో అయితే నాకు స్టీల్ ఫిన్లే ఇష్టం, వేడిని అల్యూమినియమంత బాగా పాకనివ్వకపోయినా గట్టిగా ఉంటాయి, ప్రెషర్‌తో నీళ్లు కొట్టి కడిగినా వంగవు.

ఒత్తుగా ఉన్న ఫిన్లు చూసి మాత్రం మురిసిపోవద్దు. అంగుళానికి 10, 11 ఫిన్లు శుభ్రమైన గాలికి సరిపోతాయి. మీ దగ్గర ఊక దుమ్ము, వడ్ల నూగు ఉంటాయి, అవి ఇరుక్కుంటే ఫ్యాను గింజుకుంటుంది, గాలి తగ్గుతుంది, పెట్టిన ఖర్చంతా పోతుంది. అంగుళానికి 5, 6 చాలు. గొట్టాలు నీరు దిగే వైపు కాస్త వాలుగా ఉండాలి, ఆవిరిని ఆపి నీళ్లను మాత్రమే బయటికి వదిలే స్టీమ్ ట్రాప్ సరిగ్గా పనిచేయాలి. గొట్టంలో నీళ్లు నిలిస్తే ఎంత మంచి ఫిన్ అయినా చేసేదేమీ లేదు.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర కంపెనీలో మెయింటెనెన్స్ చూస్తాను. చిల్లర్ కండెన్సర్ గొట్టాలు లీకవుతున్నాయి. బయట సన్నని గీతలున్న అసలు గొట్టాలు ఖరీదని, సాదా రాగి గొట్టాలు వేస్తే సరిపోతుందని ఒకరు అంటున్నారు. కూలింగ్ టవర్‌కు బోరు నీళ్లే.

జవాబు: వద్దు. కండెన్సర్‌లో గొట్టాల లోపల నీళ్లు, బయట చల్లబడి ద్రవంగా మారే చిల్లర్ గ్యాస్ ఉంటాయి. ఇక్కడ బలహీనమైన వైపు గ్యాస్‌ది. ఆ గీతలు మామూలుగా అంగుళానికి 19 నుంచి 40 దాకా ఉండే చిన్న ఫిన్లు, 26 ఉన్న రకమైతే బయటి వైశాల్యం సాదా గొట్టం కంటే దాదాపు మూడు రెట్లు. మెషీన్ సైజు కట్టిందే వాటిని లెక్కేసుకుని. సాదావి వేస్తే హెడ్ ప్రెషర్, అంటే కండెన్సర్‌లో గ్యాస్ ఒత్తిడి, పెరుగుతుంది, కూలింగ్ తగ్గుతుంది, కరెంటు బిల్లు నెలనెలా మిమ్మల్ని టెన్షన్ పెడుతుంది.

నీళ్లు పారే లోపలి వైపు మాత్రం జాగ్రత్త. వేడెక్కే కొద్దీ కాల్షియం కార్బొనేట్ నీళ్లలో కరిగి ఉండలేక గోడకు అంటుకుంటుంది. అర మిల్లీమీటరు గార చాలు, పైన చెప్పిన చదరపు మీటరు, డిగ్రీ లెక్కలో 3000 వాట్లు ఇచ్చే గొట్టం 1700 దగ్గరికి పడిపోతుంది. లోపల గాడులు ఒత్తుగా ఉంటే గార, బురద వాటిలోనే కూర్చుంటాయి. సాఫ్ట్‌నర్ (నీటి కాఠిన్యం తీసే యంత్రం) లేకుండా బోరు నీళ్లే వాడేట్టయితే బయట ఫిన్లు, లోపల నునుపుగా లేదా తక్కువ గాడులతో ఉండే రకం దొరుకుతుందేమో చూడండి, తయారీదారు ఒప్పుకున్నాకే వేయించండి. నైలాన్ బ్రష్ గొట్టం కొలతకు సరిపోవాలి. నీటి వేగం సెకనుకు ఒక మీటరు కంటే తగ్గనివ్వకండి.

ప్రశ్న: చౌటుప్పల్‌లో మాకు చిన్న ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్ ఉంది. ఆయిల్ కూలర్ గొట్టాల్లోకి మెలితిప్పిన పట్టీలు తోస్తే బాగా చల్లబడుతుందట, నిజమేనా? మా నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, గార దానివల్లే పడుతోందా?

జవాబు: ముందు గొట్టాల్లో ఏది పారుతోందో చూడండి. ఆయిల్ పారుతుంటే పట్టీలు పనికొస్తాయి. చిక్కటి ఆయిల్ నింపాదిగా జారుతుంటే గోడ దగ్గరి పొర అక్కడే ఉండిపోతుంది, పట్టీ దాన్ని తిప్పి కలుపుతుంది. పంపు మీద భారం పెరుగుతుంది, అది తట్టుకోగలదా అన్నది చూసుకోవాలి. చాలా కూలర్లలో గొట్టాల్లో నీళ్లు, బయట ఆయిల్ ఉంటాయి. మీదీ అలాంటిదైతే పట్టీలు వద్దు, గార వాటికీ పట్టి, బయటికి లాగడానికి కూడా రావు. బలహీనమైన ఆయిల్ వైపు అప్పుడు బయట ఉంటుంది కాబట్టి, గొట్టాలు మార్చే రోజు వస్తే బయట చిన్న ఫిన్లున్నవి వేయించండి.

గారకు ఫ్లోరైడ్ కారణం కాదు, కాఠిన్యం కారణం. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో చాలాసార్లు కాల్షియం తక్కువే ఉంటుంది కూడా. పటిక, సున్నంతో నీళ్లను శుద్ధి చేసే నల్గొండ టెక్నిక్ తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేసింది, కూలర్ నీళ్లకు దానితో పనిలేదు. ల్యాబ్‌లో మొత్తం కాఠిన్యం, కాల్షియం, ఆల్కలినిటీ, సిలికా పరీక్ష చేయించి, ఆ కాగితం చేతిలో పెట్టుకుని గొట్టాల సంగతి మాట్లాడండి.