టెక్ సందేహాలు: రిథమ్ గేముల్లో కంటికి దొరకని లెక్కలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం రిథమ్ గేముల గురించే, అంటే పాట లయకు తగ్గట్టు ఆడే గేముల గురించే. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: బీట్ సేబర్‌లో ఒక పాటను ఒక్క బ్లాక్ కూడా వదలకుండా ఫుల్ కాంబో కొట్టాను. అదే పాటకు అదే లెవెల్‌లో నా ఫ్రెండ్‌కి కూడా ఫుల్ కాంబోనే. అయినా తన స్కోరు చాలా ఎక్కువ. ఎందుకు?

బీట్ సేబర్ అంటే వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని, ఎదురొచ్చే బ్లాకులను పాట లయకు కత్తితో నరికే గేమ్. తగిలిందా లేదా అన్నది మాత్రమే కాదు, ఎలా నరికారన్నది కూడా ఇది చూస్తుంది. మామూలు బ్లాక్ ఒక్కోదానికి గరిష్ఠంగా 115 పాయింట్లు. అందులో 70 బ్లాక్‌ని తాకేలోపు కత్తి తిరిగిన కోణానికి, 30 తాకిన తరవాత తిరిగిన కోణానికి. మిగిలిన 15 బ్లాక్ నడిమధ్యకు ఎంత దగ్గరగా కోశారో దానికి. మొదటి 70 పూర్తిగా రావాలంటే కత్తి 100 డిగ్రీలు తిరిగి రావాలి, తరవాతి 30కి ఇంకో 60 డిగ్రీలు సాగాలి. చెయ్యి ఎంత వేగంగా ఊపారన్నదానికి మార్కులేమీ లేవు. కొత్తలో అందరం పొరబడేది ఇక్కడే. బలం కొద్దీ కొడతాం, కానీ మణికట్టు మాత్రమే కదిలి, కోణం సగంలోనే ఆగిపోతుంది.

బ్లాక్ తెగిన చోట ఒక అంకె తేలి మాయమవుతుంది చూడండి. బాగా తెలిసిన ఒక పాట పెట్టుకుని, ఆ అంకెల మీదే దృష్టి పెట్టి ఒకసారి ఆడండి. పదే పదే 100 దగ్గర ఆగుతుంటే మీ గురి మధ్యలో లేకపోయి ఉండవచ్చు. 85 దగ్గర తిరుగుతుంటే కోసిన తరవాత చెయ్యి వెంటనే ఆపేస్తున్నారేమో గమనించండి. మీ ఫ్రెండ్‌కి, మీకు ఉన్న తేడా చాలావరకు ఇక్కడే దొరుకుతుంది. ఇది సర్దుకున్నాక స్మాల్ నోట్స్ మోడ్ పెట్టండి. బ్లాకులు చిన్నవవుతాయి కాబట్టి గురి దానంతటదే కుదురుతుంది. ఘోస్ట్ నోట్స్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అందులో బ్లాక్ కనిపించదు, బాణం గుర్తు మాత్రమే కాసేపు కనిపించి అదీ పోతుంది. జ్ఞాపకశక్తికి అది మంచి పరీక్షే గానీ, మీ సమస్య అది కాదు.

ప్రశ్న: ఒసులో హిడెన్ మోడ్ పెడితే తేలిక మ్యాపుల్లోనే ఎక్కువ మిస్ అవుతున్నాను. కష్టమైనవే కాస్త నయంగా ఉన్నాయి. తిరకాసుగా ఉందే?

మీ అనుభవం సరైనదే, దాని వెనక లెక్క ఉంది. ఒసులో పాటకు తగ్గట్టు తెరమీదకు వచ్చే గుండ్రాలను, అంటే నోట్లను, సరైన క్షణంలో నొక్కాలి. ఒక పాటకు అలా పేర్చిన నోట్ల వరసే మ్యాప్. ఎప్పుడు నొక్కాలో చెప్పేందుకు నోట్ చుట్టూ కుంచించుకుపోయే అప్రోచ్ సర్కిల్ హిడెన్‌లో ఉండదు. నోట్ తెరమీదకు రావడం మొదలైనప్పటి నుంచి నొక్కాల్సిన క్షణం దాకా ఉన్న సమయంలో, మొదటి 40 శాతంలో అది పూర్తిగా వెలుగుతుంది. తరవాతి 30 శాతంలో కరిగిపోతుంది. ఆఖరి 30 శాతం కళ్లకు ఏమీ ఉండదు.

ఆ సమయం ఎంతో నిర్ణయించేది మ్యాప్ అప్రోచ్ రేట్. అది 5 ఉన్న మ్యాప్‌లో ఆ మొత్తం సమయం 1200 మిల్లీసెకన్లు. అంటే 360 మిల్లీసెకన్ల పాటు ఖాళీ తెర మీద చోటు గుర్తుపెట్టుకోవాలి. అప్రోచ్ రేట్ 9లో మొత్తమే 600, ఖాళీ 180 మాత్రమే. మ్యాప్ తేలికయ్యే కొద్దీ సాధారణంగా ఈ రేటు తగ్గుతుంది, చీకటి పెరుగుతుంది. కాబట్టి హిడెన్ నేర్చుకోవడానికి 8 లేదా 9 రేటుతో, మీకు కంఠతా వచ్చిన పాటలు ఎంచుకోండి. నోట్ కనిపించినప్పుడు దాని చోటు మాత్రం పట్టుకుని, సమయాన్ని పాటకే వదిలేయండి. హిడెన్‌తో ఎస్ గ్రేడ్ సాధిస్తే ఆ అక్షరం బంగారు రంగులో కాక వెండి రంగులో వస్తుంది. ఆటగాళ్లు ఆ వెండికి ఇచ్చే విలువ వేరు.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో ఏ రిథమ్ గేమ్ ఆడినా ఆలస్యంగా నొక్కుతున్నానని చూపిస్తోంది. ఆఫ్‌సెట్ మార్చినా తృప్తిగా లేదు.

తప్పు మీ చేతిది కాదు, టెన్షన్ పడకండి. బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి, పంపి, మళ్లీ విప్పడానికి సమయం పడుతుంది. మామూలు ఇయర్‌ఫోన్స్‌లో 200 మిల్లీసెకన్ల ఆలస్యం అసాధారణమేమీ కాదు. నిమిషానికి 120 బీట్ల పాటలో రెండు బీట్ల మధ్య ఉండేది 500 మిల్లీసెకన్లే. అందులో 200 పోతే ఇక లయ ఎక్కడిది?

ఆఫ్‌సెట్ చేసేది పాటకూ నోట్లకూ మధ్య తేడాను సర్దడం. మీరు నొక్కగానే వినిపించాల్సిన టక్ శబ్దం కూడా అదే బ్లూటూత్ దారిలో రావాలి కదా, దాన్ని ఏ ఆఫ్‌సెట్టూ ముందుకు తేలేదు. మీ వేలు, మీ చెవి వేర్వేరు సంగతులు చెబుతున్నట్టు అనిపించేది అందుకే. వైరు ఉన్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, గేమ్‌లో కాలిబ్రేషన్ (ఆలస్యాన్ని కొలిచి సర్దడం) మళ్లీ మొదటినుంచి చేయండి. టీవీలో ఆడేటప్పుడు, తెర ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ కూడా ఆన్ చేసుకోండి. తప్పనిసరై బ్లూటూతే వాడాల్సివస్తే నొక్కుడు శబ్దాలను సెట్టింగ్స్‌లో ఆపేయండి, కొంత ఊరట ఉంటుంది.

ప్రశ్న: క్రిప్ట్ ఆఫ్ ద నెక్రోడాన్సర్‌లో ఆరియా పాత్రతో ఒక్క బీట్ తప్పినా చచ్చిపోతున్నాను. ఇది బగ్గా?

బగ్ కాదు, ఆ పాత్ర తీరే అంత. ఈ గేమ్‌లో ప్రతి అడుగూ పాట బీట్‌కి తగ్గట్టే వేయాలి. ఆరియాకు ఉన్నది అర గుండె ప్రాణం, బీట్ తప్పితే దెబ్బ తగులుతుంది. పైగా ప్రయాణం నాలుగో జోన్ నుంచి వెనక్కి, ఒకటో జోన్ వైపు. ముందు బార్డ్ పాత్రతో కొన్నిసార్లు ఆడండి. అతనికి బీట్ నియమం లేదు, మీరు కదిలితేనే శత్రువులు కదులుతారు. ఏ శత్రువు ఎలా అడుగు వేస్తుందో నిదానంగా చూసి నేర్చుకోవచ్చు.

ఇంకో మాట. ఈ గేమ్‌లో వస్తువులు అమ్మే కొట్టు యజమాని నేపథ్య సంగీతంతో గొంతు కలిపి పాడుతుంటాడు. కొట్టు దగ్గరయ్యే కొద్దీ ఆ పాట పెరుగుతుంది. మ్యాప్ తెలియని అంతస్తులో దిగగానే ఒకసారి చెవి పెట్టి వినండి. గొంతు ఎటు పెరుగుతుంటే అటు నడవండి, కొట్టు దొరుకుతుంది.