ఆపరేటర్ గారి జవాబులు: ఆ కారు మన ఊళ్లో ఆగితే

రెండు వారాల కిందట ఇదే పేజీలో ‘మిడ్‌నైట్ ఇన్ ప్యారిస్’ సినిమా గురించి నాలుగు ముక్కలు రాశాను. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. హాలీవుడ్ సినిమాలకు స్క్రిప్టులు రాసుకునే గిల్, పెళ్లాడబోయే ఇనెజ్‌తోనూ ఆమె తల్లిదండ్రులతోనూ కలిసి ప్యారిస్ వస్తాడు. అతనికి 1920ల నాటి ప్యారిస్ అంటే ప్రాణం. ఒక రాత్రి దారి తప్పి చర్చి మెట్ల మీద కూర్చుంటాడు. గడియారం పన్నెండు కొట్టగానే ఒక పాతకాలపు కారు వచ్చి ఆగుతుంది, లోపలివాళ్లు రమ్మంటారు. ఎక్కి దిగేసరికి 1920లు. వుడీ అలెన్ రాసి తీసిన ఈ 2011 నాటి చిత్రానికి స్క్రీన్‌ప్లే ఆస్కార్ కూడా వచ్చింది. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని మాత్రం నేను అనుకోలేదు.

ప్రశ్న: మా వారి వయసు ముప్పై నాలుగు. నోరు విప్పితే “ఆ రోజుల్లో హైదరాబాదు” అంటారు. ఆ రోజులంటే ఆయన పుట్టకముందు రోజులు. గురువారం వస్తే ఆఫీసుకు ఆలస్యమైనా సరే, జుమేరాత్ బజార్‌కు వెళ్లి పాత రేడియోలు, గోడ గడియారాలు మోసుకొస్తారు. ఇంట్లో మూడు గ్రామఫోన్లు ఉన్నాయి, ఒక్కటీ పాడదు. కాస్త మారతారేమోనని మీరు చెప్పిన సినిమా చూపించాను. చూసి “గిల్ ఎంత అదృష్టవంతుడు!” అన్నారు. ఇప్పుడేం చేయమంటారు? (ఒక పాఠకురాలు, నల్లకుంట)

జవాబు: అమ్మా, మందు సరైనదే. రెండో సగంలో మీవారు ఫోను చూసుకుంటూ ఉండి ఉంటారు. అసలు మందు అక్కడే ఉంది. గిల్ 1920ల్లో ఎడ్రియానా అనే అమ్మాయి మీద మనసు పడతాడు. ఆమెకేమో తన కాలం చప్పగా ఉంటుంది, బతుకంటే 1890లదే అంటుంది. ఒక గుర్రపు బండి ఇద్దరినీ అక్కడికీ తీసుకుపోతుంది. తీరా వెళితే, అక్కడ కూర్చున్న గొగాఁ, దెగా లాంటి మహా చిత్రకారులు తమ కాలంలో ఏమీ లేదని, రినైజాన్స్ రోజుల్లో పుట్టి ఉంటే బాగుండేదని నిట్టూరుస్తారు! అప్పుడు గిల్ తనకు వచ్చిన పీడకల చెబుతాడు. కలలో యాంటీబయాటిక్ మాత్రలు అయిపోయాయట, పళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తితే ఆయన దగ్గర మత్తుమందు లేదట. ఈసారి మీవారికి పన్ను నొప్పి వచ్చినప్పుడు, ఏ కాలపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలో మెల్లగా అడగండి.

సినిమా మీద నాకున్న ఒక ఫిర్యాదు కూడా మీకు చెప్పాలి. ఆ ఇనెజ్‌కు దర్శకుడు ఒక్క మంచి మాట ఇవ్వలేదు. డబ్బు పిచ్చి, ఎత్తిపొడుపులు, పైగా వేరే మగాడితో తిరుగుళ్లు. వర్తమానాన్ని అంత చేదుగా చూపిస్తే ఎవరైనా కారెక్కి పారిపోతారు, అందులో గిల్ గొప్పతనం ఏముంది? నల్లులేరుకున్నట్టు తప్పులు ఏరకుండా, మొగుడికి సినిమా పెట్టి చూపించే ఇల్లాలు ఇనెజ్ కాదు. ఆ పోలిక పెట్టుకుని బాధపడకండి.

గ్రామఫోన్ల సంగతి. మూడింటిలో ఒకటి బాగు చేయించమనండి. అది పాడేదాకా నాలుగోది కొనకూడదని షరతు పెట్టండి. పాడటం మొదలుపెట్టాక చూడండి తమాషా. మూడు నిమిషాలకు ఒక వైపు అయిపోతుంది. లేచి కీ ఇవ్వాలి, ఇనుప సూది మార్చాలి, రికార్డు తిరగేయాలి. పాడని గ్రామఫోను మీద మోజు నూరేళ్లయినా తీరదు. పాడేదాని మీద ఎన్నాళ్లు ఉంటుందో నాకు రాయండి.

ప్రశ్న: యంత్రం లేకుండా కాలంలో ప్రయాణం ఏమిటండీ? మన ‘ఆదిత్య 369’లో కనీసం ఒక యంత్రం ఉంది. ఇక్కడ కారు ఎందుకొచ్చిందో, ఎలా వెళ్లిందో ఒక్క ముక్క చెప్పరు. ఇది మోసం కాదా? (ఇంజనీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి)

జవాబు: బాబూ, సింగీతం శ్రీనివాసరావు గారి 1991 నాటి ఆ సినిమాలో యంత్రం ఉండి తీరాలి. అది 1526 నాటి విజయనగరానికి తీసుకెళ్తుంది, 2504కు తీసుకెళ్తుంది. పాడైతే ఇల్లు చేరడం ఎలా అన్న గుబులు మీదే కథ నడుస్తుంది. గిల్‌కు ఆ గుబులు లేదు. తెల్లారేసరికి హోటల్ గదిలో ఉంటాడు, టాక్సీ ఖర్చు కూడా లేదు. తిరిగి రావడం ఎలా అన్నది కాదు, ఎందుకు రావాలన్నదే అతని బాధ. అలాంటివాడికి యంత్రం పెడితే మీలాంటి కుర్రాళ్లు దాని మీటలు లెక్కపెడుతూ కూర్చుంటారు, ప్రేమ సంగతి ఎవరూ చూడరు. నవ్వు కూడా అందులోనే ఉంది. తన నవలను, ఆ కాలపు ప్యారిస్‌లో రచయితలు, చిత్రకారులు చేరే ఇంటి యజమానురాలు, రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్ చేత చదివించుకుంటాడు గిల్. ఆ నవలలో కథానాయకుడి కళ్లెదుటే కాబోయే భార్య ఇంకొకరితో తిరుగుతుంటే అతనికి తెలియదంటే నమ్మలేనని రచయిత హెమింగ్వే అన్నట్టు ఆమె చెబుతుంది. తన పక్కనున్న మనిషి సంగతి తొంభై ఏళ్ల వెనక్కి వెళ్లి తెలుసుకుంటాడు పాపం.

యంత్రం లేకుండా నేనూ ఒకసారి జనాన్ని కాలంలో వెనక్కి పంపాను. 1980ల్లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు ఒక హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరుగా పనిచేసేవాడిని. ప్రింటు ఒకటి, హాళ్లు రెండు. అక్కడ అయిపోయిన రీలును డబ్బాలో పెట్టి ఒక కుర్రాడు సైకిలు మీద మాకు తెచ్చేవాడు. ఒక వానరోజు ఎనిమిదో రీలు బదులు తొమ్మిదో రీలు వచ్చింది. కింద జనం ఉన్నారు, ఖాళీ తెర చూపించే ధైర్యం నాకు లేదు. తొమ్మిదే ఎక్కించాను. కథానాయకుడి తల్లి గోడ మీద దండ వేసిన ఫొటో అయిపోయింది, అతను ఫొటో ముందు గుండెలవిసేలా ఏడ్చాడు. ఇరవై నిమిషాల తర్వాత ఎనిమిదో రీలు ఎక్కింది. అమ్మ వంటింట్లో గారెలు వేస్తోంది! హాలు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. తర్వాత చప్పట్లు. నేల టికెట్టు జనం లేచి నిలబడి ఈలలు వేశారు. ఆట వదిలాక ఒక పెద్దాయన మెట్లు దిగుతూ, “చనిపోయిందని చూపించి మళ్లీ తెచ్చాడు చూడు, అదీ దర్శకత్వమంటే” అన్నారు. యజమాని మాత్రం నా జీతంలో పాతిక రూపాయలు కోశారు.

ప్రశ్న: చివరికి గిల్ ఎవరితో ఉంటాడు? మా అక్కయ్యతో పందెం వేశాను, సినిమా చూసే తీరిక లేదు. (తార్నాక)

జవాబు: పందెం కాయడానికి ఉన్న తీరిక గంటన్నర సినిమాకు లేదా? చెప్పను. వాన పడితే గొడుగు కోసం వెతకనిది ఎవరో చూసుకోండి, చాలు.

ప్రశ్న: ఇలాంటి కథను హైదరాబాదులో పెట్టి రాసుకుంటున్నాను. కథానాయకుడు తెలుగు రచయిత. అతన్ని ఏ మెట్ల మీద కూర్చోబెట్టాలి? ఏ కాలానికి పంపితే బాగుంటుంది? మా నిర్మాత నిజాం కాలం అంటున్నారు, ముత్యాలు, బిర్యానీ, షేర్వానీలు కనబడాలట. (ఒక సహాయ దర్శకుడు, కృష్ణానగర్)

జవాబు: ముందు కారు తీసేసి ఝట్కా పెట్టండి. బేరమాడే సీను ఒకటి ఉచితంగా వస్తుంది.

గంటల కోసమైతే సికింద్రాబాద్ గడియార స్తంభం ఉంది, 1897లో ప్రారంభించారు. ఆ ఏడాదికే పంపుతానంటే మాత్రం జాగ్రత్త. బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది ఆ ఏడాది ఆగస్టు 20న. మీవాడు జూలైలో దిగి, “దోమలండీ, జ్వరం వస్తుంది” అంటే పిచ్చివాడనుకుంటారు. హుసేన్ ఖాన్ అనే రోగి కుట్టించుకున్న దోమకు ఒక అణా చొప్పున రాస్ దగ్గర డబ్బు తీసుకున్నాడు. మన కామెడీ రచయితలు పది జన్మలెత్తినా ఇలాంటి పాత్రను ఊహించలేరు. అతన్ని వదలకండి.

1908 వద్దు. సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు కింద ప్రేమ పాట పెట్టడానికి నాకు మనసొప్పదు. మీ నిర్మాతకు ఒప్పవచ్చు.

మీరు అడిగింది తెలుగు రచయిత గురించి కాబట్టి 1920లే సరి. షేర్వానీల మధ్య దిగుతాడు, సంతోషమే. అబిడ్స్ దగ్గర ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ ఉంది, సరోజినీ నాయుడి ఇల్లు. గిల్‌కు గెర్ట్రూడ్ స్టైన్ ఇల్లు ఎలాంటిదో మీవాడికి అది అలాంటిది. అక్కడి నుంచి ఉత్సాహంగా బయటికొచ్చి, 1921 నవంబరులో వివేకవర్ధనిలో జరిగిన సంఘ సంస్కార సభకు వెళ్లాలి. ఆ సభలో మిగతా భాషల ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఒక వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి మాట్లాడనివ్వలేదు. నిజాం రాజ్యంలోని తెలుగువారి కోసం ఏర్పడ్డ ఆంధ్ర జన సంఘం ఆ అవమానంలోంచే పుట్టింది. మీవాడు పడి చచ్చే బంగారు కాలంలో, ఆ ఊరి సభలో, అతను రాసే భాషకు దొరికిన మర్యాద అది. మీ సినిమాకు విశ్రాంతి కార్డు అక్కడ వేయండి.

రెండో సగంలో 1926కు రండి. సురవరం ప్రతాపరెడ్డి గారు గోల్కొండ పత్రిక మొదలుపెట్టిన ఏడు. మీవాడి కథల కట్టను ఆ పత్రిక బల్ల మీద పెట్టించండి. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాసినందుకు, 1934లో 354 మంది కవులతో ‘గోల్కొండ కవుల సంచిక’ అచ్చువేసిన మనిషి ఆయన. అంత పనిలో ఉన్నవారి ముందు కూర్చుని, “మీ కాలం బంగారమండీ” అని మీవాడు అంటాడు. ఆయన ఏమంటారో రాయడం మీ పని, దానికే మీకు డబ్బిస్తారు. ప్రేమ సంగతి అంటారా, అచ్చు దిద్దడానికి వచ్చే అమ్మాయినో, సుల్తాన్‌బజార్ గ్రంథాలయంలో పుస్తకం తీసుకునే అమ్మాయినో మీరే చూసుకోండి. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నుంచీ ఉంది కనుక పుస్తకాలకు లోటు లేదు. బిర్యానీ పెట్టండి, అభ్యంతరం లేదు. వడ్డించే వరుసలో మీవాణ్ని ఎక్కడ కూర్చోబెడతారో మాత్రం ముందు తేల్చుకోండి.

ప్రశ్న: అందరికీ నీతులు చెబుతున్నారు. హాళ్లు మూతబడి, డిజిటల్ వచ్చి, మీ ఉద్యోగమే లేకుండా పోయింది కదా. మీకు బెంగ లేదా? ఒక్క రోజుకు తిరిగి వెళ్లే వీలుంటే ఏ రోజుకు వెళ్తారు? (పాఠకుడు, మల్కాజ్‌గిరి)

జవాబు: బెంగ బాల్కనీలో కూర్చున్నవారికి ఎక్కువ. కేబిన్‌లో మాకు కార్బన్ కడ్డీలు కాలే పొగ, వేసవి మ్యాట్నీలో తడిసిపోయే బనియను. కడ్డీలు అరుగుతూ ఉంటే మధ్య ఎడం సరిచేస్తూ ఉండాలి, ఏమరితే తెర మీద బొమ్మ పసుపుపచ్చగా మారుతుంది. ఆ పొగ వాసన ఎక్కడైనా తగిలితే ఇప్పటికీ ఆగిపోతాను, అది వేరే సంగతి.

ఒక రోజుంది. నాకు సంబంధం మాట్లాడుతున్నారు, పెళ్లిచూపులు ఇంకా కాలేదు. అబ్బాయి ఎలా ఉంటాడో ముందే చూద్దామని అమ్మాయి వాళ్ల వదినతో కలిసి మా హాలుకు మ్యాట్నీకి వచ్చింది. ఆపరేటరును చూడాలంటే సినిమాకు వచ్చి లాభం లేదని ఇద్దరికీ తట్టలేదు. గేట్‌కీపరు పైకి వచ్చి చెప్పాడు, “బాల్కనీ రెండో వరుస, కనకాంబరాలు” అని. కేబిన్ కిటికీ జానెడు. అందులోంచి కనిపించేది వీపులూ తలలే. కనకాంబరాలు కనిపించాయి, జడ కనిపించింది.

రీలు అయిపోవచ్చేటప్పుడు తెర కుడివైపు పైమూలన చిన్న చుక్క మెరుస్తుంది. అప్పుడు రెండో ప్రొజెక్టరు మోటారు వేయాలి. ఏడు సెకన్లకు ఇంకో చుక్క, అప్పుడు మార్చాలి. నా సర్వీసులో ఆ చుక్కలు రెండూ తప్పింది అప్పుడొక్కసారే. తెర తెల్లగా వెలిగిపోయింది. హాలంతా కేకలు. ఆరువందల తలలు ఒక్కసారి కేబిన్ వైపు తిరిగాయి, కనకాంబరాలతో సహా. వెలుగు కళ్లలో పడి ఆవిడ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంటే ఆ రోజుకు మళ్లీ వెళ్లినా నాకు కనిపించేది ఒక అరచెయ్యి.

మీ ఉత్తరం చదివి వినిపించి, “నీకు గుర్తుందా?” అని మా ఆవిడను అడిగాను. పప్పు పోపు పెడుతూ, “ఏమో, ఆ కుర్చీల్లో నల్లులు మాత్రం బాగా గుర్తు” అంది.