టెక్ సందేహాలు: ఒకే సైంటిస్టుకు రెండు హెచ్-ఇండెక్స్‌లా?

సందేహం: మా గైడ్ గారిది బయోకెమిస్ట్రీ. ఆయన హెచ్-ఇండెక్స్ గూగుల్ స్కాలర్‌లో 31, స్కోపస్‌లో 19 చూపిస్తోంది. స్కాలర్‌లో ఆయనవి కాని సివిల్ ఇంజినీరింగ్ పేపర్లు కూడా ఉన్నాయి. ప్రాజెక్టు దరఖాస్తు నన్నే నింపమన్నారు, టెన్షన్‌గా ఉంది. ఏది రాయాలి?
– పీహెచ్‌డీ విద్యార్థిని, విశాఖపట్నం

ముందు ఆ సివిల్ ఇంజినీరింగ్ పేపర్లు తీయించండి. అంకె సంగతి ఆ తర్వాత.

హెచ్-ఇండెక్స్ 19 అంటే, ఒక్కొక్కటీ కనీసం 19 సైటేషన్లున్న (అంటే వేరే పేపర్లు 19 సార్లు ఉదహరించిన) పేపర్లు 19 ఉన్నాయని. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ చెప్పిన లెక్క ఇది. రెండు చోట్లా లెక్క ఒకటే, లెక్కలోకి తీసుకునే సరుకు వేరు. స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్ తాను ఎంపిక చేసుకున్న జర్నళ్లు, కాన్ఫరెన్సులు, పుస్తకాలనే చూస్తుంది. స్కాలర్ థీసిస్‌లు, ఇంకా జర్నల్‌లో రాని ప్రీప్రింట్లు, కాలేజీ సైట్లలో పెట్టిన పీడీఎఫ్‌లు కూడా ఏరుకొస్తుంది. అందుకే అక్కడ అంకె సాధారణంగా కాస్త లావుగా ఉంటుంది. దరఖాస్తులో ఫలానా సైటు అని అడిగితే అదే ఇవ్వండి. అడగకపోతే రెండూ రాసి, పక్కన సైటు పేరు, చూసిన తేదీ వేయండి.

ఇక పరాయి పేపర్లు. మీ గైడ్ గారు తన జీమెయిల్‌తో స్కాలర్ ప్రొఫైల్‌లోకి వెళ్లి, ఆ పేపర్ల పక్కన టిక్ పెట్టి డిలీట్ నొక్కితే చాలు. ఒకే పేపరు రెండుసార్లు కనిపిస్తే రెండింటికీ టిక్ పెట్టి మెర్జ్ నొక్కాలి. ఇది మళ్లీ జరగకుండా, కొత్త పేపర్లను దానంతటదే చేర్చే ఆప్షన్ తీసేసి, ముందు మెయిల్‌లో అడిగే ఆప్షన్ పెట్టుకోవాలి.

అసలు చిక్కు మన పేర్లతోనే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఈ సైట్లేమో చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటాయి. దాంతో సగం మంది ‘రావు’లు, ‘కుమార్’లు అయిపోతారు. అదే ఇనీషియల్ ఉన్న ఇంకో రావు గారి పేపర్లు వచ్చి పడేది ఇందుకే. ఆర్కిడ్ (ORCID) అనే సైటులో పరిశోధకులకు 16 అంకెల ఐడీ ఉచితంగా ఇస్తారు. పేరు రాసే రకాలన్నీ అందులో చేర్చి, ఇకపై ప్రతి పేపరుకూ ఆ ఐడీ ఇస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

ఆ అంకె మరీ నెత్తిన పెట్టుకోవాల్సిందీ కాదు. మన భీమవరంలో పుట్టిన బయోకెమిస్టు యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రాసిన ఫాస్ఫరస్ పరీక్ష పేపరును దశాబ్దాల పాటు ల్యాబులు ఉదహరిస్తూనే ఉన్నాయి. కానీ పిల్లల ల్యుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) అమినోప్టెరిన్ అనే మందు వాడి చూసిన 1948 నాటి డాక్టర్ ఫార్బర్ పేపరులో రచయితగా ఆయన పేరు లేదు. ఆ మందు తయారైంది లెడర్లీ మందుల కంపెనీలో సుబ్బారావు బృందం చేతుల్లోనే! ఆ పేపరుకు ఎన్ని సైటేషన్లు వచ్చినా ఆయన హెచ్-ఇండెక్స్ ఒక్క అంకె కూడా పెరగదు.

సందేహం: మా ల్యాబు ఎవరెవరితో కలిసి పనిచేసిందో బొమ్మలా చూపించే సాఫ్ట్‌వేర్ ఉందా?
– అసిస్టెంట్ ప్రొఫెసర్, వరంగల్

నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ వాళ్ల వాస్‌వ్యూయర్ వాడండి, ఉచితం. వైద్య, జీవశాస్త్ర పేపర్లు దొరికే పబ్‌మెడ్ సైటులో మీ పేపర్లు వెతికి, ఫలితాలను ‘పబ్‌మెడ్’ ఫార్మాట్‌లో సేవ్ చేసి ఇందులో తెరవండి. కో-ఆథర్‌షిప్ ఎంచుకుంటే వలలాంటి బొమ్మ వస్తుంది. చిన్న ల్యాబు అయితే, ఒక్కో రచయితకు కనీసం ఎన్ని పేపర్లుండాలని అడిగే చోట 2 పెట్టండి, లేకపోతే బొమ్మలో ఇద్దరు ముగ్గురే మిగులుతారు. వంద మంది పేర్లున్న పెద్ద పేపర్లను పక్కన పెట్టే టిక్ కూడా పెట్టండి. అలాంటి పేపరు ఒక్కటి చాలు, వల కాస్తా ముద్దయిపోతుంది. పబ్‌మెడ్ ఫైలులో సైటేషన్లు రావు కాబట్టి ఎవరు ఎవరిని ఉదహరించారన్న బొమ్మ మాత్రం దీంతో కుదరదు.

సందేహం: ‘గ్లోబల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ ఉందంటూ ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. మూడు రోజుల్లో పబ్లిష్ చేస్తారట. డబ్బు కట్టొచ్చా?
– ఎమ్మెస్సీ విద్యార్థి, తిరుపతి

వద్దు. ఒక జర్నల్ పేపర్లకు సగటున ఎన్ని సైటేషన్లు వస్తున్నాయో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఏటా ప్రకటించేది క్లారివేట్ సంస్థ. ముందు ‘గ్లోబల్’ తగిలించారంటేనే అనుమానించాలి. మూడు రోజుల్లో పేపరు చదివి తప్పొప్పులు చెప్పే రివ్యూయర్ నాకింతవరకూ తగల్లేదు. మీ గైడ్‌కు చూపించి, ఆ మెయిల్‌ను స్పామ్‌లో పడేయండి.